ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ముడిపెట్టి అమ్మేవారు మొత్తం ధర ఎందుకు చెప్పరు?

సంపాదకులకు,

అయ్యా,

కళాశాలలు తెరిచే రోజులు వచ్చేసరికి శ్రీకాకుళం పట్టణంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరా, డే అండ్ నైట్ కూడలి దగ్గరా, పాలకొండ రోడ్డు పొడవునా ల్యాప్‌టాప్‌ల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటిలో ఈసారి నా కంట ఎక్కువగా పడ్డది ల్యాప్‌టాప్‌ను, మొబైల్ ఇంటర్నెట్‌ను కలిపి ఒకే నెలవారీ వాయిదాకు ఇస్తామనే ప్రకటన. అదే ప్రకటన కరపత్రం రూపంలో ఒక ఆదివారం నాడు మీ పత్రిక మడతలోనే మా ఇంటికి వచ్చింది. దాన్ని పట్టుకుని షాపుకు వెళ్లి మేము చూసినదీ, తర్వాత ఇంటికొచ్చి లెక్క వేసుకున్నదీ మీ పాఠకులకు పనికొస్తుందని ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పొడవైతే మన్నించండి. ఉన్నత పాఠశాలలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని, అంకెలు పక్కన పెట్టి మాట్లాడడం నాకు చేతకాదు.

మా తమ్ముడు ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో ఒక ఊళ్లో ఉంటాడు. కొబ్బరి తోట, కాస్త జీడి మామిడి ఉన్నాయి. వాడి మనవరాలికి ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. ల్యాప్‌టాప్ కొనక తప్పదు, ఒక్కసారిగా డబ్బు తీయడం కష్టం. అలాంటి సమయంలో "తాతా, ఇందులో నెట్ కూడా కలిపే ఇస్తారంట" అని ఆ పిల్ల కరపత్రం చూపిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మర్నాడు ముగ్గురం కలిసి షాపుకు వెళ్లాం.

షాపులో కుర్రవాడు మర్యాదస్తుడు. కుర్చీలు వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. "మొత్తం ఎంత పడుతుంది బాబూ?" అని అడిగాను. "నెలకు 1,999 అండి మాస్టారూ" అన్నాడు. నెల సంగతి కాదు, ఆఖరి వాయిదా కట్టేసరికి మా చేతి నుంచి పోయేది ఎంత అని మళ్లీ అడిగాను. "అదేనండి, నెలకు రెండు వేలు కూడా కాదు" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అతనికి నేర్పింది అంతే. ధర అడిగిన వాడికి ధరను ఇరవై నాలుగు ముక్కలు చేసి అందులో ఒక ముక్క చూపించమని అతనికి పైవారు చెప్పి ఉంటారు. మేము ఓపిగ్గా కూర్చుని ఒక్కో కాగితం అడిగి తీసుకుంటే గాని మిగిలిన ముక్కలు బయటపడలేదు.

బయటపడినవి ఇవి. మొదట చేతిలో పెట్టవలసింది 4,999 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 999, దాని మీద నూటికి పద్దెనిమిది చొప్పున జీఎస్టీ కలిపి 1,179. తర్వాత ఇరవై నాలుగు నెలలు నెలకు 1,999, అంటే 47,976. ఇక్కడితో అయిపోలేదు. ఆ 1,999లో 1,500 ల్యాప్‌టాప్ వాయిదా అనీ, 499 ఇంటర్నెట్ బిల్లు అనీ రెండో కాగితంలో విడదీసి ఉంది, ఆ 499 పక్కన ‘పన్నులు అదనం’ అని ఉంది. ఆ పన్ను నెలకు 90 రూపాయలకు పైసల్లో తక్కువ, ఇరవై నాలుగు నెలలకు 2,156. అన్నీ కలిపితే 56,310 రూపాయలు. ఈ అంకె కరపత్రం మీద లేదు, ఒప్పంద పత్రంలో లేదు, కుర్రవాడి నోట కూడా రాలేదు. నెలకు రెండు వేలు కూడా కాదన్న మాట సైతం పన్ను కలిపితే నిలవదు, అప్పుడది 2,089 అవుతుంది.

అదే ల్యాప్‌టాప్, అదే మోడల్ నంబరు, నాలుగు షాపుల అవతల రొక్కానికి 34,500 చెప్పారు. మా మనవరాలు ఫోన్‌లో వేయించుకునే 28 రోజుల ప్యాక్ 349 రూపాయలు, షాపువారి పథకంలో లాగే అందులోనూ రోజుకు 2 జీబీ డేటాయే వస్తుంది. నెల అంటే ముప్పై రోజులని మనం అనుకుంటాం కానీ 28 రోజుల ప్యాక్‌తో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు పడతాయి. ఆ తిరకాసు కూడా లెక్కలో వేసుకుని రెండేళ్లకు 26 రీఛార్జులు అనుకుంటే 9,074 రూపాయలు. ల్యాప్‌టాప్‌తో కలిపి 43,574. రెండు మొత్తాలకూ తేడా 12,736 రూపాయలు. పైగా ఫోన్‌కు ఆ రీఛార్జి ఎలాగూ చేయించాల్సిందే, ఫోన్‌లోని హాట్‌స్పాట్ తెరిస్తే అదే డేటాతో ల్యాప్‌టాప్ నడుస్తుంది, కళాశాల హాస్టల్లో వైఫై ఎలాగూ ఉంది. ఆ విధంగా చూస్తే మేము కొనబోయిన రెండో కనెక్షన్ మాకు అవసరమే లేదు.

"వడ్డీ లేని వాయిదా" అని కరపత్రంలో ఎర్ర అక్షరాలతో ఉంది. దీని మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే మా తమ్ముణ్ని ఎక్కువగా ఆకర్షించింది ఆ మాటే. ఇంటర్నెట్ బిల్లు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ వరకే చూద్దాం. 34,500 విలువైన వస్తువుకు మేము మొదటి రోజే 4,999, ఫీజు కింద 1,179 కడుతున్నాం. అంటే నికరంగా మాకు అప్పుగా అందుతున్నది 28,322 రూపాయలు. దానికి ఇరవై నాలుగు నెలలు 1,500 చొప్పున 36,000 తిరిగి కడుతున్నాం. మొదటి నెల చివర 28,322 మీద నూటికి రెండు చొప్పున వడ్డీ 566 అనుకుంటే, 1,500లో మిగిలిన 934 అసలుకు జమ అవుతుంది. రెండో నెల మిగిలిన అసలు మీద అదే లెక్క. ఇలా ఇరవై నాలుగు గడులు నింపుకుంటూ పోతే ఆఖరి వాయిదాతో అసలు దాదాపు సున్నాకు వచ్చి ఆగుతుంది. అంటే వడ్డీ లేదన్న ఈ అప్పు అచ్చంగా నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అప్పు, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఈ మాట చెప్పేసరికి మా తమ్ముడు కాగితం కింద పెట్టి "రెండు రూపాయల వడ్డీకైతే మనూళ్లోనే ఇత్తారు కదన్నయ్యా, దానికి శ్రీకాకుళం దాకా రావాలా?" అన్నాడు.

ఇలాంటి వాయిదాల గురించి రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు ఒక ఉత్తర్వు పంపుతూ, సున్నా శాతం వడ్డీ అనేదే అసలు లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి చూపడం తగదని స్పష్టం చేసింది. అంతకంటే ఇప్పటి కొనుగోలుదారుకు పనికొచ్చే నిబంధన మరొకటుంది. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు ఇచ్చే కొత్త వాయిదా రుణాలన్నింటికీ బ్యాంకులూ, ఫైనాన్స్ సంస్థలూ సంతకానికి ముందే ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇవ్వాలి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి నికర వడ్డీ శాతం ఎంతో అందులో రాయాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులోని విషయం వారికి వివరించి చెప్పాలి. పత్రం ఇచ్చిన తర్వాత ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువు ఉండాలి, ఆ మూడు రోజులూ సంస్థ ఆ షరతులకు కట్టుబడి ఉండాలి.

మేము అడిగితే ఆ పత్రం ఫోన్‌కు వస్తుందన్నారు. ఎప్పుడు అంటే వేలిముద్ర వేసిన తర్వాత అన్నారు. తెలుగులో ఉంటుందా అంటే నవ్వారు. "ఈ ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు మాస్టారూ" అని మాత్రం రెండుసార్లు గుర్తుచేశారు. మూడు పనిదినాల నిబంధన ఉన్న చోట ‘ఇవాళ్టితో ఆఖరు’ అనే మాట ఎలా చెల్లుతుందో నాకు బోధపడలేదు. రెండు వారాల తర్వాత అదే దారిన వెళ్తూ చూస్తే ఆ ఫ్లెక్సీ అక్కడే ఉంది, ‘ఇవాళే ఆఖరు’ అన్న అక్షరాలు ఎండకు వెలిసిపోతున్నాయి.

డబ్బు సంగతి ఇలా ఉంటే, నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది సిగ్నల్ సంగతి. ల్యాప్‌టాప్ ఎక్కడ వాడినా ఒకేలా పనిచేసే వస్తువు. మొబైల్ ఇంటర్నెట్ అలా కాదు, అది ఊరిని బట్టి, ఇంటిని బట్టి, ఇంట్లో గదిని బట్టి మారే సేవ. పట్టణం నడిబొడ్డున షాపులో కూర్చుని వేగం చూపించి, ఉద్దానంలో పెంకుటింట్లో వాడబోయే వారితో రెండేళ్ల సంతకం పెట్టించుకోవడం ఏ రకంగా చూసినా సరి కాదు.

తర్వాతి ఆదివారం మా తమ్ముడింటికి వెళ్లి ఒక చిన్న పరీక్ష చేశాం. నా ఫోన్, తమ్ముడి ఫోన్, పక్కింటివారి ఫోన్ మూడూ మూడు వేర్వేరు కంపెనీలవి. వాటిని మొదట వీధి అరుగు మీద, తర్వాత నడిమి గదిలో, ఆ తర్వాత పెరట్లో నూతి గట్టు మీద పక్కపక్కనే పెట్టి ఒకే వీడియో పాఠం తెరిచాం. అరుగు మీద మూడూ ఆడాయి. నడిమి గదిలోకి రాగానే షాపువారు మాకు అంటగట్టబోయిన కంపెనీ ఫోన్‌లో బొమ్మ ఆగిపోయి గుండ్రంగా చక్రం తిరగడం మొదలైంది, పక్కింటివారి ఫోన్ మాత్రం ఆగకుండా ఆడింది. పెరట్లో, కొబ్బరి చెట్ల మధ్య, అది కూడా తడబడింది. పరీక్షకు పావుగంట పట్టింది. "నాను సెప్పేను కదా, ఆ సిమ్ముకి లోపల ముక్క వినపడదని" అని పక్కింటి ఆవిడ గుమ్మం దగ్గర నుంచి అంది. ఆవిడ చెప్పిన ఆ ఒక్క ముక్కకు ఉన్న విలువ కరపత్రంలోని మాటలన్నింటికీ కలిపి లేదు.

దీని వెనక ఉన్న కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మన దేశంలో 4జీ సేవలు 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాల్లోనూ (ఫ్రీక్వెన్సీల్లోనూ), 1800, 2100, 2300, 2500 వంటి ఎక్కువ పౌనఃపున్యాల్లోనూ నడుస్తున్నాయి. తక్కువ పౌనఃపున్యం తరంగం దూరం పోతుంది, గోడ దాటుతుంది. ఎక్కువ పౌనఃపున్యంలో డేటా ఎక్కువ పడుతుంది గాని ఆ తరంగం గోడకూ, దట్టమైన ఆకులకూ తొందరగా నీరసిస్తుంది. కనుక ఏ కంపెనీ మీ ఊరి టవర్ మీద ఏ పౌనఃపున్యం పెట్టిందన్న దాని మీదే నడిమి గదిలో మీ చదువు ఆధారపడి ఉంటుంది. 5జీ సేవలు దేశంలో 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. కరపత్రంలో ‘5జీ వేగం’ అని ఉంది. కాని ల్యాప్‌టాప్‌తో పాటు ఇస్తామన్న జేబు హాట్‌స్పాట్ పెట్టె అడుగు భాగాన తిప్పి చూస్తే అది 4జీ పరికరం. ల్యాప్‌టాప్‌లో సిమ్ పెట్టే చోటు లేనే లేదు. మరి ఆ 5జీ ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే సమాధానం రాలేదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం ప్రతి మొబైల్ కంపెనీ తన 2జీ, 3జీ, 4జీ, 5జీ సేవలు ఎక్కడెక్కడ అందుతున్నాయో చూపే పటాన్ని తన వెబ్‌సైటులో ఉంచాలి. కొనబోయేవారు సంతకానికి ముందు అందులో తమ ఊరిని వెతికి చూసుకోవచ్చు. అయితే పటంలో ఊరి మీద రంగు పడినంత మాత్రాన నడిమి గదిలో సిగ్నల్ ఉన్నట్టు కాదు, కాబట్టి పక్కింటి ఫోన్ పరీక్షను మాత్రం మానుకోవద్దని నా సలహా.

డేటా మాట కూడా ఒకటి చెప్పాలి. ‘అపరిమితం’ అని రాసి, పక్కన చుక్క గుర్తు పెట్టి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘రోజుకు 2 జీబీ తర్వాత వేగం 64 కేబీపీఎస్’ అని వేశారు. 64 కేబీపీఎస్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కళాశాలవారు పంపే 20 ఎంబీ పాఠం పీడీఎఫ్ ఒకటి ఆ వేగంతో దిగడానికి సుమారు 42 నిమిషాలు పడుతుంది. దాన్ని అపరిమితం అనడం, పంపు నుంచి చుక్కచుక్కగా కారే నీటిని కాలువ అనడం వంటిది. పైగా ల్యాప్‌టాప్ ఫోన్ లాంటిది కాదు, మనం అడగకుండానే విండోస్ తన నవీకరణలు తాను దింపుకుంటుంది, ఒక్కోసారి అవి జీబీల్లో ఉంటాయి. సెట్టింగుల్లో ఆ కనెక్షన్‌ను పరిమిత డేటా కనెక్షన్‌గా గుర్తు పెట్టుకోకపోతే పొద్దున్నే రోజు కోటా అయిపోయి, సాయంత్రం చదువుకునే పిల్లకు మిగిలేది ఆ చుక్కనీరే.

అసలు ఈ రెండేళ్ల ముడి మా ఇంటికి కొత్త కాదు. 2011 ప్రాంతంలో మా అబ్బాయి ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దానితో పాటు ఒక కంపెనీ యూఎస్‌బీ డేటా కార్డు కూడా ఇలాగే ఒప్పందం మీద ఇచ్చారు. అది సీడీఎంఏ అనే పాత మొబైల్ పద్ధతిది, మరో కంపెనీ సిమ్ పెట్టుకుందామంటే అందులో చోటు లేదు. మొదటి ఆరు నెలలు బాగానే పనిచేసింది. తర్వాత సాయంత్రం అయ్యేసరికి వేగం పడిపోయేది. ఫిర్యాదు చేస్తే ‘టవర్ పని జరుగుతోంది’ అనే జవాబు వచ్చేది, బిల్లు మాత్రం తేదీ తప్పకుండా వచ్చేది. ఆఖరుకు ఆ సేవ పూర్తిగా ఆగిపోయింది, ఆ కార్డును ఏ కంపెనీకీ వాడుకునే వీల్లేకపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో పాత ఫ్యూజులు, స్క్రూడ్రైవర్లు ఉండే బిస్కట్ డబ్బాలో అది పడి ఉంది. 2011 జనవరి 20న దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం వచ్చింది. సేవ నచ్చకపోతే వెళ్లిపోయే హక్కు వినియోగదారుకు దక్కిందని మేమందరం సంతోషించాం. అయితే మధ్యలో మానుకుంటే ఏం చేయాలో చెప్పే నిష్క్రమణ షరతు ఉన్న ఒప్పందం మీద సంతకం చేసినవారు ఆ బాధ్యత తీర్చకపోతే కంపెనీ మారే అభ్యర్థనను తిరస్కరించవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. ల్యాప్‌టాప్ ఆశ చూపి రెండేళ్ల ఒప్పందం రాయించుకుంటే, ప్రభుత్వం ఇచ్చిన హక్కును వినియోగదారే తన చేత్తో రెండేళ్ల పాటు పక్కన పెట్టినట్టు అవుతుంది.

ఈ వ్యాపారం పుట్టింది కూడా మన దగ్గర కాదు. 2008 డిసెంబరులో అమెరికాలో రేడియోషాక్ దుకాణాల్లో ఏసర్ ఆస్పైర్ వన్ అనే చిన్న ల్యాప్‌టాప్‌ను 99 డాలర్లకే ఇచ్చారు. షరతు ఏమిటంటే ఏటీ అండ్ టీ కంపెనీ మొబైల్ ఇంటర్నెట్‌కు నెలకు 60 డాలర్ల చొప్పున రెండేళ్లు కట్టాలి. ఇరవై నాలుగు అరవైలు 1,440, దానికి 99 కలిపితే 1,539 డాలర్లు. అయితే వాయిదా, గడువు రెండూ తెలిస్తే ఆ లెక్కను ఎవరైనా వెంటనే వేసుకోవచ్చు. మన కరపత్రంలో ఇరవై నాలుగు నెలలన్న మాట వెతికితే గాని కనపడదు.

ఇక ల్యాప్‌టాప్ విషయానికొస్తే, దాన్ని ఎంచుకోవలసింది చదివే పిల్ల, ఆఫర్ కాదు. ముడిపెట్టి ఇచ్చే పథకంలో రెండు మోడళ్లే ఉన్నాయి. మాకు చూపించిన దానిలో ర్యామ్ (పని చేసేటప్పుడు యంత్రం వాడుకునే తాత్కాలిక మెమరీ) 8 జీబీ, అది బోర్డుకే అతికించి ఉంది, తర్వాత పెంచుకోవడానికి అదనపు గడి లేదు. మొదటి సంవత్సరం గడుస్తుంది. మూడో సంవత్సరంలో ఒకేసారి నాలుగు సాఫ్ట్‌వేర్లు తెరిచి ప్రాజెక్టు చేయాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడుతుంది, అప్పటికి వాయిదాలు మాత్రం ఈ మధ్యే తీరి ఉంటాయి. ప్రాసెసర్ పేరులో పెద్దగా రాసిన అంకె చూపిస్తారు, అది ఏ తరానిదో చెప్పరు. మోడల్ నంబరు రాసుకుని కంపెనీ వెబ్‌సైటులో చూస్తే మూడేళ్ల కిందటి తరం అని తేలింది. తెర మాత్రం బాగుంది, కీబోర్డు కూడా వేళ్లకు హాయిగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

సిమ్ లోపలే ఉండే ల్యాప్‌టాప్ కావాలనుకునేవారికి మార్కెట్లో అలాంటివి లేకపోలేదు. 2023 జులైలో జియోబుక్ అనే 4జీ ల్యాప్‌టాప్ 16,499 రూపాయలకు వచ్చింది. అది ఆండ్రాయిడ్ ఆధారిత వ్యవస్థ మీద నడుస్తుంది, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. బడి పిల్లలకు పాఠాలు చూడడానికీ, నోట్సు రాయడానికీ సరిపోవచ్చు, విండోస్ సాఫ్ట్‌వేర్లు అడిగే ఇంజినీరింగ్ చదువుకు సరిపోదు. ఒక బంధువు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చూడమన్నాడు. అదీ మంచి మాటే గాని, విండోస్ 11 ఎక్కని పాత యంత్రం కొంటే చిక్కు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది.

ఈ పథకంలో మరో చిక్కు కాగితాలు చదివాక తెలిసింది. చూడడానికి బేరం ఒకటే అయినా అవతలి పక్షాలు మూడు. ల్యాప్‌టాప్ పాడైతే తయారీ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాలి, మాకు చూపిన మోడల్‌కు అది విశాఖపట్నంలో ఉంది. వాయిదా సంగతి ఫైనాన్స్ సంస్థది. సిగ్నల్ సంగతి మొబైల్ కంపెనీది. యంత్రం రిపేరులో ఉన్న నెల కూడా ఇంటర్నెట్ బిల్లు, వాయిదా రెండూ కట్టాల్సిందే. సిగ్నల్ రాకపోతే ఇంటర్నెట్ బిల్లు ఆపవచ్చేమో అనుకుంటే, మధ్యలో మానుకున్నవారు మిగిలిన నెలల రుసుము అంతా ఒకేసారి కట్టాలన్న షరతు ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు లేక, ఫోన్లు పలకక మనుషులు రోజుల తరబడి ఎలా గడిపారో మీ పత్రికే రాసింది. అలాంటి రోజులకు బిల్లులో తగ్గింపు ఉంటుందా అని అడిగాను. ‘నెట్‌వర్క్ లభ్యతకు లోబడి’ అన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. కొనేటప్పుడు ముగ్గురూ ఒక్కటే, అడిగేటప్పుడు ఎవరికి వారే.

ఇలా రాస్తున్నానంటే ముడిపెట్టి అమ్మడమే నేరమని నేను అనడం లేదు. ఊరూరా తిరిగే మందుల కంపెనీ ఉద్యోగికీ, రోజంతా రోడ్డు మీద ఉండే సర్వేయరుకూ ఫోన్‌తో సంబంధం లేని వేరే కనెక్షన్ నిజంగానే అవసరం. బ్యాంకులో అప్పు పుట్టని కుటుంబానికి ఈ వాయిదా తప్ప మరో దారి ఉండకపోవచ్చు. తెలిసి, లెక్క చూసుకుని, 12,736 రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదనుకుని తీసుకునేవారిని కాదనడానికి నేనెవరిని? ఆ అంకెను ముందు వారి కళ్లబడనివ్వాలి, అంతే నా పేచీ.

చట్టం ఈ విషయంలో మరీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఒక వస్తువు కావాలంటే మరో వస్తువో సేవో కొనితీరాలని పట్టుబట్టడాన్ని నిర్బంధ వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. తగిన రుసుము కడతామన్నా అప్పును ముందుగా తీర్చనివ్వకపోవడం, ఒప్పందం తప్పినందుకు జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం వంటి షరతులున్న పత్రాన్ని అన్యాయపు ఒప్పందం అంటుంది. అలాంటి ఒప్పందం మీద రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. నాసిరకం వస్తువు, లోపభూయిష్టమైన సేవ వంటి మామూలు ఫిర్యాదులకు జిల్లా కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు. మొదటి మెట్టుగా 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. అయితే సంతకం పెట్టాక కమిషన్ల చుట్టూ తిరగడానికి ఉద్దానం నుంచి ఎన్ని బస్సులు ఎక్కాలో మా తమ్ముడికి తెలుసు. అందుకే సంతకానికి ముందే ఆగాం.

మేము చేసింది చెబుతాను. 16 జీబీ ర్యామ్ ఉన్న మరో మోడల్‌ను విడిగా కొన్నాం. సగం డబ్బు తమ్ముడి చేతిలో ఉంది, మిగతా సగం నేను సర్దాను, కొబ్బరి డబ్బులు వచ్చినప్పుడల్లా ఇస్తానన్నాడు. ఇంటర్నెట్‌కు పక్కింటివారి కంపెనీ సిమ్ ఒకటి తీసుకున్నాం, నచ్చకపోతే 28 రోజుల తర్వాత రీఛార్జి మానేస్తాం, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి నడిమి గదిలోనే కూర్చుని చదువుకుంటోంది.

జిల్లా వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులకు ఈ లేఖ ద్వారా నా విన్నపం ఒకటుంది. కలిపి అమ్మే ప్రతి పథకం ప్రకటనలోనూ ల్యాప్‌టాప్ విడి ధర, ఇంటర్నెట్ విడి ధర, పన్నులతో సహా గడువు ముగిసేసరికి కట్టవలసిన మొత్తం, మధ్యలో మానుకుంటే పడే రుసుము తెలుగులో, నెలవారీ వాయిదా ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే అంతే పెద్ద అక్షరాల్లో వేయించండి. ముఖ్యాంశాల పత్రం సంతకానికి ముందే తెలుగులో ఇస్తున్నారో లేదో ప్రవేశాల కాలంలో ఒక్క వారం షాపుల్లో కూర్చుని చూడండి.

మీకూ ఒక విన్నపం ఉంది. ఈ ప్రకటనలు మీ జిల్లా పేజీల్లోనూ వస్తున్నాయి, కరపత్రాలు మీ పత్రిక మడతల్లోనే ఇంటింటికీ చేరుతున్నాయి. ప్రకటన తీసుకునేటప్పుడే మొత్తం ధర వేయమని మీ ప్రకటనల విభాగం అడిగితే చాలా కుటుంబాలకు నాలాంటి లెక్కల మాస్టారు అవసరం ఉండదు. చోటు చాలదని షాపువారు అనడానికి వీల్లేదు. ఆ కరపత్రం వెనక వైపంతా ఖాళీగానే ఉంది, నేను ఈ లెక్కలన్నీ వేసుకున్నది దాని మీదే.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం